మత్తు చికిత్స జరిగే చోటే హెచ్‌ఐవీని ఆపండి: జైళ్ళ, వైద్య, న్యాయ సేవా విభాగాలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల జైళ్ళ శాఖ ఉన్నతాధికారులకు, వైద్య ఆరోగ్య శాఖ ముఖ్య కార్యదర్శులకు, రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థల ప్రాజెక్టు డైరెక్టర్లకు, న్యాయ సేవాధికార సంస్థల సభ్య కార్యదర్శులకు,

గౌరవనీయులారా,

మాదకద్రవ్యాల కేసులలో అరెస్టయినవారికీ, మత్తుకు అలవాటు పడి చిన్నచిన్న దొంగతనాలు చేసి జైలుకు వచ్చినవారికీ ఇచ్చే వ్యసన చికిత్సలో హెచ్‌ఐవీ నివారణకు తగిన చోటు దక్కడం లేదని తెలియజేయడానికి, దాన్ని సరిదిద్దమని కోరడానికి ఈ లేఖ రాస్తున్నాను. నేను ప్రభుత్వ హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రంలో కౌన్సెలర్‌గా పనిచేసి పదవీ విరమణ పొందాను. ఇప్పుడు ఇటువంటి కేసులలో ఇరుక్కున్నవారి కుటుంబాలకు చేతనైన సాయం చేస్తున్నాను. ఈ విషయాలన్నీ వివరంగా రాసి ఒక ఉన్నత కార్యాలయంలో వినతిపత్రం ఇస్తే, అందినట్లు ముద్ర వేసి ఇచ్చారు. జవాబు మాత్రం రాలేదు. వెళ్ళి అడిగితే మత్తు మాన్పించే పని ఒక శాఖదనీ, హెచ్‌ఐవీ పని మరొక శాఖదనీ, మనిషి మాత్రం మూడో శాఖ అధీనంలో ఉన్నాడనీ చెప్పారు. వారు చెప్పినది నిజమే. అందుకే ఈసారి అన్ని శాఖలకూ కలిపి, ప్రజలందరి ఎదుట రాస్తున్నాను.

జైళ్ళలో హెచ్‌ఐవీ పరీక్షా శిబిరాలు జరుగుతున్నాయి, వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు అందుతున్నాయి. ఆ పని చేస్తున్న సిబ్బంది శ్రమ నాకు తెలుసు. అది ఎందుకు చాలదో చెప్పడానికి ముందు కొన్ని వాస్తవాలు మీ ముందుంచుతాను.

దేశంలో వయోజనులలో హెచ్‌ఐవీ ఉన్నవారు సుమారు 0.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో అది 0.6 శాతం దాటింది, తెలంగాణలో 0.4 శాతం దాటింది. 2021లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ జరిపిన నిఘా సర్వేలో జైళ్ళలో ఉన్నవారిలో దాదాపు 2 శాతం మందికి, సూదితో మత్తు ఎక్కించుకునేవారిలో సుమారు 9 శాతం మందికి హెచ్‌ఐవీ ఉన్నట్లు తేలింది. సూదితో మత్తు తీసుకుంటూ జైలుకు వచ్చే వ్యక్తిలో ఈ రెండు ప్రమాదాలూ కలుస్తాయి.

మన రాష్ట్రాలలో గంజాయి కేసులే ఎక్కువ కదా, గంజాయి తాగితే హెచ్‌ఐవీ రాదు కదా అని కొందరు అధికారులు నాతో అన్నారు. గంజాయి వల్ల హెచ్‌ఐవీ రాదన్నది నిజం. కానీ ఎయిమ్స్ వైద్యులు దేశమంతటా సర్వే చేసి 2019లో కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చిన నివేదిక, దేశంలో సుమారు 8.5 లక్షల మంది సూదులతో మత్తు తీసుకుంటున్నారని చెబుతూ, అటువంటివారు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల జాబితాలో పంజాబ్, ఢిల్లీ, మణిపూర్‌లతో పాటు ఆంధ్రప్రదేశ్‌నూ తెలంగాణనూ చేర్చింది. నొప్పి తగ్గించే మాత్రలను నూరి నీళ్ళలో కలిపి నరానికి ఎక్కించుకునే కుర్రవాళ్ళను మన పట్టణాలలోని వైద్యులు చూస్తూనే ఉన్నారు. ఇక గంజాయి కేసులో వచ్చినవారి సంగతి చూడండి. 20 కిలోలు దాటితే మాదకద్రవ్యాల కేసులకు వర్తించే ఎన్‌డీపీఎస్ చట్టం 37వ సెక్షన్ కింద బెయిలు దొరకడం చాలా కష్టం. కూలి డబ్బుల కోసం మన్యం నుంచి మూట మోసిన గిరిజన యువకుడు, జీవితంలో ఎన్నడూ మత్తు సూది ముట్టనివాడు, నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి, కిక్కిరిసిన బ్యారక్‌లో గడపవలసి వస్తుంది. 2022 చివరి నాటి లెక్క ప్రకారం దేశంలోని జైళ్ళలో వంద మందికి చోటున్న దగ్గర 131 మంది ఉన్నారు. వారిలో నాలుగింట మూడు వంతుల మంది నేరం రుజువు కానివారే. అక్కడ ఒకే బ్లేడుతో నలుగురు గడ్డం గీసుకున్నా, ఒకే సూదితో పచ్చబొట్లు పొడుచుకున్నా, రహస్యంగా లోపలికి వచ్చిన ఒక్క సిరంజి చేతులు మారినా ఆ యువకుడికీ ముప్పే.

జైలు గోడలు మత్తును పూర్తిగా ఆపలేవని ప్రపంచంలో ప్రతి దేశమూ నేర్చుకుంది. బయట పది సూదులు దొరికే చోట లోపల ఒక్కటే దొరుకుతుంది కాబట్టి, అదే సూదిని ఎక్కువ మంది వాడతారు. 1993లో స్కాట్లాండ్‌లోని గ్లెనాకిల్ జైలులో సూదులు పంచుకోవడం వల్ల పదిమందికి పైగా ఖైదీలకు హెచ్‌ఐవీ సోకింది. 2002లో లిథువేనియాలోని అలీతుస్ జైలులో కొద్ది నెలల వ్యవధిలోనే సుమారు 300 మందికి వైరస్ ఉన్నట్లు బయటపడింది. మన దేశంలో 2023లో ఉత్తరాఖండ్‌లోని హల్ద్వానీ జైలులో 44 మందికి, 2024 మొదట్లో లక్నో జైలులో 63 మందికి హెచ్‌ఐవీ ఉన్నట్లు వార్తలు వచ్చాయి. వారందరికీ జైలులోనే సోకిందని నేను అనడం లేదు. మత్తు సూదుల వల్ల బయటే సోకించుకుని వచ్చినవారు చాలామంది ఉంటారు. కానీ అదివరకు ఏ ఆసుపత్రి గడపా తొక్కని మనిషి మొదటిసారి ప్రభుత్వం చేతికి వచ్చిన సమయం అది. ఆ సమయంలో మనం ఏం చేశామన్నదే నా ప్రశ్న.

సాధారణంగా జరుగుతున్నది చెబుతాను. అరెస్టయిన రెండో రోజుకో మూడో రోజుకో మత్తు అందక ఒళ్ళు నొప్పులు, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. నిద్రమాత్రలో నొప్పి మాత్రలో ఇస్తారు. పది పదిహేను రోజులలో ఆ బాధ తగ్గుతుంది, మత్తు వదిలిందని రాసుకుంటారు. కానీ నల్లమందు జాతి మత్తులకు అలవాటు పడిన శరీరంలో ఆ తపన నెలల తరబడి ఉంటుంది. దీనికి నిరూపితమైన చికిత్స ఉంది. రోజూ వైద్య సిబ్బంది కళ్ళ ముందు నాలుక కింద పెట్టే బ్యుప్రెనార్ఫిన్ మాత్ర, లేదా తాగించే మెథడోన్, సూది అవసరం లేకుండా చేస్తాయి. ఓఎస్‌టీ అని అందరూ పిలిచేది ఈ చికిత్సనే. ఈ రెండు మందులనూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. ఈ చికిత్సలో ఉన్నవారికి హెచ్‌ఐవీ సోకే ప్రమాదం సగానికి పైగా తగ్గుతుందని, పలు దేశాల అధ్యయనాలను కలిపి చూసిన 2012 నాటి పరిశీలన చూపింది. ఢిల్లీలోని తీహార్ జైలులో 2008లోనే దీన్ని ప్రారంభించారు. కాబట్టి జైలులో ఇది సాధ్యమేనా అన్న ప్రశ్నకు మన దేశంలోనే జవాబు దొరికి చాలా కాలమైంది.

చట్టం విషయంలోనూ సందేహానికి చోటు లేదు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ చట్టం 31వ సెక్షన్, ప్రభుత్వ కస్టడీలో ఉన్న ప్రతి వ్యక్తికీ, విచారణ ఖైదీలతో సహా, హెచ్‌ఐవీ నివారణ, కౌన్సెలింగ్, పరీక్ష, చికిత్స పొందే హక్కు ఇచ్చింది. ఆ వరుసలో నివారణ అన్న మాటే ముందు ఉన్నదని గమనించమని మనవి. కేంద్రం మార్గదర్శకాల ప్రకారం వైరస్ వ్యాప్తిని తగ్గించడానికి చేసే ఏ పనీ నేరం కాదని అదే చట్టం 22వ సెక్షన్ చెబుతోంది. అంటే ఓఎస్‌టీ మాత్ర ఇచ్చే నర్సు గానీ, కండోమ్ ఇచ్చే కౌన్సెలర్ గానీ భయపడవలసిన పనిలేదు. ఖైదీల పట్ల ఎలా వ్యవహరించాలో చెబుతూ ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన మండేలా నియమాలలో 24వది, హెచ్‌ఐవీకీ క్షయకీ మత్తు వ్యసనానికీ చికిత్స జైలు లోపలా బయటా తెగకుండా కొనసాగాలని పేర్లు పెట్టి మరీ చెప్పింది.

ఆ చికిత్స ఎక్కువగా తెగుతున్నది రెండు చోట్ల: లోపలికి వచ్చే రోజున, బయటికి వెళ్ళే రోజున.

లోపలికి వచ్చేటప్పుడు, బయట ఓఎస్‌టీ తీసుకుంటున్న మనిషికి పోలీసు స్టేషన్‌లోనే ఆ మాత్ర ఆగిపోతుంది. ఏఆర్‌టీ వాడుతున్నవాడైతే మందుల డబ్బా ఇంట్లో ఉండిపోతుంది. నలుగురి ముందు నిలబెట్టి ఏమైనా జబ్బులున్నాయా అని అడిగితే హెచ్‌ఐవీ ఉందని చెప్పేవారు అరుదు. ములాఖత్‌కు వచ్చిన భార్య కిటికీ దగ్గర ఆ మాట ఎత్తలేదు. ఏఆర్‌టీ కొన్ని వారాలు ఆగితే వైరస్ మళ్ళీ పెరుగుతుంది, మళ్ళీ ఇతరులకు సోకించే స్థితికి వస్తుంది, అదే మందులకు లొంగకుండా పోయే ప్రమాదమూ ఉంది. ఏళ్ళుగా క్రమం తప్పకుండా వాడుకుని వైరస్‌ను అదుపులో పెట్టుకున్న మనిషి, ఒక దొంగతనం కేసు వల్ల ఆ ఫలితమంతా పోగొట్టుకుంటున్నాడు.

బయటికి వెళ్ళే రోజు ఇంకా ప్రమాదకరమైనది. బెయిలు కాగితం సాయంత్రానికి జైలుకు చేరుతుంది, చీకటి పడ్డాక గేటు తెరుస్తారు. చేతిలో మందులు ఉండవు, ఏ ఆసుపత్రికి వెళ్ళాలో రాసిన కాగితం ఉండదు. లోపల ఉన్న నెలలలో శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తిని కోల్పోయి ఉంటుంది. అదే మోతాదు మళ్ళీ ఎక్కించుకుంటే ఊపిరి ఆగిపోతుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో విడుదలైన ఖైదీలపై 2007లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం, మొదటి రెండు వారాలలో వారు చనిపోయే ప్రమాదం మిగతా జనాభాతో పోలిస్తే దాదాపు 13 రెట్లు ఎక్కువ. మోతాదు మించిన మత్తు వల్ల చనిపోయే ప్రమాదం 129 రెట్లు. ఇంగ్లండ్‌లో 2017లో వెలువడిన పరిశీలన, జైలులో ఓఎస్‌టీ అందుకుంటూ విడుదలైనవారిలో మొదటి నెల మరణాలు 75 శాతం తక్కువగా ఉన్నాయని చూపింది.

ఇందులో నష్టపోయేది ఖైదీ ఒక్కడే కాదు. భర్త బయటికి వచ్చాక హెచ్‌ఐవీ సోకి, గర్భిణీ పరీక్షలలో ఆ సంగతి మొదటిసారి తెలుసుకునే భార్య ఉంది. ఆ బిడ్డ ఉంది. సోదా చేస్తూ పరుపు కింద చెయ్యి పెట్టినప్పుడు సూది గుచ్చుకుని, ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఊరుకునే వార్డరు ఉన్నాడు. అదే బ్యారక్‌లో క్షయ అంటుకుని ఇంటికి తీసుకుపోయే సాధారణ రిమాండు ఖైదీ ఉన్నాడు.

ఈ కారణాల వల్ల కింది కోర్కెలు మీ ముందు ఉంచుతున్నాను.

1. జైలులో చేరిన 24 గంటలలోపు, ఇతరులెవరూ లేని గదిలో, వైద్య సిబ్బంది ప్రతి ఒక్కరినీ అడగవలసిన ప్రశ్నలు నిర్ణయించాలి: ఏ మత్తు, ఏ రూపంలో, చివరిసారి ఎప్పుడు, ఓఎస్‌టీలో ఉన్నారా, ఏఆర్‌టీ వాడుతున్నారా. హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకునే అవకాశం ఆ రోజే ఇవ్వాలి కానీ బలవంతం చేయకూడదు. వరుసలో నిలబెట్టి అందరికీ రక్తం తీయడం హెచ్‌ఐవీ చట్టం 5వ సెక్షన్ కోరే సమాచారపూర్వక సమ్మతికి విరుద్ధం. పైగా ఒకసారి అలా జరిగితే ఆ మనిషి మళ్ళీ ఏ కౌన్సెలర్‌నూ నమ్మడు.

2. అన్ని సెంట్రల్ జైళ్ళలో మొదట, జిల్లా జైళ్ళలో తర్వాత, దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి అనుసంధానించి ఓఎస్‌టీ అందుబాటులోకి తేవాలి. బయట ఇప్పటికే ఈ చికిత్సలో ఉన్నవారికి పోలీసు కస్టడీలోనూ ఒక్క రోజు కూడా ఆగకుండా చూడాలి.

3. ఏఆర్‌టీ వాడుతున్న వ్యక్తి అరెస్టయిన మరుసటి రోజే అతని సమ్మతితో పాత ఏఆర్‌టీ కేంద్రానికి సమాచారం వెళ్ళి మందులు రావాలి. జైలు మారినప్పుడు, కోర్టు వాయిదాకు దూరం తీసుకువెళ్ళినప్పుడు మందులు అతనితోనే వెళ్ళాలి.

4. ఎక్కువగా నొక్కి చెప్పదలచినది ఇది. ఎన్‌డీపీఎస్ చట్టం 39వ సెక్షన్ కింద, కొన్ని నేరాలలో దోషిగా తేలిన వ్యసనపరుణ్ణి జైలుకు బదులు బాండు రాయించుకుని చికిత్సకు పంపే అధికారం కోర్టుకు ఉంది. చికిత్స ఫలితంపై ఏడాదిలోపు వైద్య నివేదిక కోర్టుకు రావాలి. 64ఎ సెక్షన్, తక్కువ పరిమాణం కేసులలో తానుగా చికిత్స కోరినవారికి ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఇస్తుంది. మంచి నిబంధనలే. కానీ చికిత్స ఇచ్చే కౌన్సెలరే కోర్టుకు నివేదిక రాసేవాడు కూడా అయితే, మళ్ళీ సూది పట్టానని ఏ రోగీ నోరు విప్పి చెప్పడు. చెబితే బాండు పోతుంది, శిక్ష పడుతుంది. ఆ మాట దాచినవాడు ఎవరితో సూది పంచుకున్నాడో అదీ దాస్తాడు. కాబట్టి హెచ్‌ఐవీ కౌన్సెలర్ వేరుగా ఉండాలి. అతనికి చెప్పిన మాటలు కోర్టు నివేదికలోకి వెళ్ళకూడదు. హెచ్‌ఐవీ ఉందో లేదో ఆ నివేదికలో, రిమాండు పత్రాలలో, ఎస్కార్టు పోలీసుల చేతి కాగితాలలో ఎక్కడా కనిపించకూడదు. రాతపూర్వక సమ్మతి లేకుండా, లేదా కోర్టు ప్రత్యేకంగా ఆదేశించకుండా వెల్లడించడాన్ని హెచ్‌ఐవీ చట్టం 8వ సెక్షన్ నిషేధించింది. మళ్ళీ ఒకసారి మత్తు తీసుకోవడాన్ని చికిత్స విఫలమైనట్లుగా కాక, ఈ జబ్బు స్వభావంగా చూడమని న్యాయాధికారులకు న్యాయ సేవాధికార సంస్థల ద్వారా శిక్షణ ఇప్పించాలి.

5. కోర్టులు చికిత్సకు పంపే ప్రతి వ్యసన విముక్తి కేంద్రానికీ, అది ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు, ఓఎస్‌టీ అనుసంధానం ఉండాలన్న షరతు మీదే గుర్తింపు ఇవ్వాలి. గదిలో పెట్టి తాళం వేసే కేంద్రాల గుర్తింపు రద్దు చేయాలి.

6. విడుదల రోజు కోసం ముందే సిద్ధం కావాలి. రిమాండు ఖైదీ ఎప్పుడు బయటికి వెళతాడో ఎవరూ చెప్పలేరు కాబట్టి, ఏఆర్‌టీ వాడుతున్న ప్రతి ఒక్కరి పేర ఒక నెల మందులు, వ్యాధి పేరు పైకి కనిపించని బదిలీ పత్రం జైలు ఆసుపత్రిలో ఎప్పుడూ కట్టి ఉంచాలి. ఓఎస్‌టీలో ఉన్నవారికి మరుసటి రోజు మోతాదు ఏ కేంద్రంలో దొరుకుతుందో రాసి ఇవ్వాలి. మోతాదు మించినప్పుడు ప్రాణం నిలిపే నలాక్సోన్ గురించి కుటుంబాలకు చెప్పాలి, దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అది ఉండేలా చూడాలి.

7. ప్రతి ఖైదీకి సొంత బ్లేడు, జైలు క్షౌరశాలలో ప్రతిసారీ కొత్త బ్లేడు, అడగకుండానే తీసుకోగలిగే చోట కండోమ్‌లు ఉంచాలి. సూది గుచ్చుకున్న వార్డరుకైనా, లైంగిక దాడికి గురైన ఖైదీకైనా 72 గంటలలోపు నివారణ మందులు మొదలై 28 రోజులు అందాలి.

8. జైలు లోపల శుభ్రమైన సూదులు ఇవ్వాలన్న మాట చాలామందికి రుచించదని నాకు తెలుసు. స్విట్జర్లాండ్‌లో 1990ల మొదట్లోనే అది మొదలైంది. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2013లో జైళ్ళ కోసం సూచించిన 15 చర్యలలో అది ఒకటి. మన దగ్గర ఓఎస్‌టీ స్థిరపడేలోపే దీని కోసం పట్టుబట్టను. కానీ ఇది చర్చకు రాకూడని విషయం కాదు, నిపుణులతో ఒక సంఘం వేసి పరిశీలించండి.

9. మహిళా జైళ్ళను చివరికి వదలకండి. సంఖ్య తక్కువన్న కారణంతో అక్కడికి కౌన్సెలరూ రారు, ఓఎస్‌టీ ఆలోచనా రాదు. గర్భిణులకు సకాలంలో పరీక్ష, మందులు అందితే బిడ్డకు సోకకుండా ఆపగలమన్నది అందరికీ తెలిసినదే.

10. హెచ్‌ఐవీ చట్టం కింద ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ ఎవరో, ఎలా చేరాలో ప్రతి బ్యారక్‌లో తెలుగు, ఉర్దూ, హిందీలలో రాసి పెట్టాలి. పరీక్షలు, ఏఆర్‌టీ, ఓఎస్‌టీ, విడుదల తర్వాత కొనసాగినవారి లెక్కలను పేర్లు లేకుండా ఆరు నెలలకొకసారి ప్రకటించాలి.

ఇందులో చాలా వరకు కొత్త డబ్బు అడిగేది కాదు. ఏఆర్‌టీ మందులు, ఓఎస్‌టీ మందులు జాతీయ కార్యక్రమం ద్వారా ఇప్పటికే వస్తున్నాయి. హెపటైటిస్ సికి 2018 నుంచి ఉచిత చికిత్స ఉంది. కావలసినది, ఒక్కో జైలుకు ఒక్కో బాధ్యుడైన అధికారి, మూడు శాఖలూ కలిసి సంతకం చేసిన ఒక ఉత్తర్వు.

ఇది చదివే కుటుంబ సభ్యులకు ఒక మాట. హెచ్‌ఐవీ విషయంలో 1097కు, మత్తు చికిత్స విషయంలో 14446కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మీవాడు ఏఆర్‌టీలో ఉండి అరెస్టయితే అతని ఏఆర్‌టీ కేంద్రానికి అదే రోజు చెప్పండి. జైలు వైద్యాధికారికి మూసిన కవరులో చీటీ ఇవ్వండి.

అధికారులకు నా అభ్యర్థన ఒకటే మిగిలింది. పై పది అంశాలలో దేనిని ఏ శాఖ చేపడుతుంది, ఏ జైలులో ఏ తేదీ నుంచి మొదలవుతుంది, దేనిని చేయలేరు, ఎందుకు చేయలేరు అన్నది అన్ని శాఖలూ కలిసి రాతపూర్వకంగా ప్రకటించండి. చేయలేమన్న అంశాలపై కారణాలు తెలిస్తే, వాటిని పట్టుకుని హైకోర్టు న్యాయ సేవల కమిటీని ఆశ్రయించే దారి మాకు ఉంటుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత హెచ్‌ఐవీ కౌన్సెలర్